సరిత ఊకొట్టిన ఎండాకాలం

బ్యాగు ఇరవై మూడు కిలోలు దాటకూడదని సరిత మూడుసార్లు చెప్పింది. నేను నాలుగోసారి కూడా అడిగాను. ఇంట్లో తూకం లేదు. బియ్యం సంచి ఇరవై అయిదు కిలోలు కదా అని ముందు దాన్ని ఎత్తి, తర్వాత బ్యాగు ఎత్తి, మళ్ళీ సంచి ఎత్తి, బ్యాగే కాస్త తేలిక అని తేల్చాను. అందులో కోఠీలో కొన్న రెండు స్వెట్టర్లు, జ్వరం మాత్రలు, కారప్పొడి, మూడు కవర్లలో చుట్టిన మామిడికాయ తొక్కు ఉన్నాయి. నూనె కారితే బట్టలన్నీ పాడవుతాయని తొక్కు చుట్టూ నాలుగో కవరు కూడా చుట్టాను.

ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఇంకో పని చేశాను. ఇంటి అడ్రసు అయిదు చీటీల మీద రాసి, బ్యాగు జేబుల్లో ఒకటి, స్వెట్టరు మడతలో ఒకటి, ఇలా అయిదు చోట్ల పెట్టాను. స్వరాజ్యం, తారాబాయి ఇల్లు, పైవాటా, షంషాబాద్ అని గుండ్రంగా రాశాను. సాయంత్రానికి సరితకు మూడు దొరికాయి.

"ఇవి దొరికినోళ్ళకు తెలుగు రావాలె గద అత్తమ్మా."

"ఒక్కరన్న ఉండరా?"

"జపానుల, నగోయాలనా?"

"ఏమో. మనోళ్ళు యాడ లేరు."

ఆమె నవ్వి, ఆ మూడింటినీ ఎక్కడ దొరికాయో అక్కడే మళ్ళీ పెట్టేసింది.

నాకప్పుడు అరవై నాలుగేళ్ళు. ప్రయాణాలకు సంచులు సర్దిన అనుభవం బాగా ఉన్నదాన్ని. మా ఆయన ఈశ్వరయ్య మగ్గాల పనికి భివండి పోతుంటే సర్దాను. కొడుకు కొండల్ విమానాశ్రయానికి కారు నడిపేవాడు, వాడికి సంచి ఉండేది కాదు, టిఫిను డబ్బా సర్దేదాన్ని. ఇద్దరిలో ఎవరూ తిరిగి రాలేదు. ఆ ఇంట్లో మిగిలింది నేనూ, కొండల్ భార్య సరితా. ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. పిల్లలు లేరు. ఆరు నెలలకని జపాను పోతున్నది. అక్కడి నుంచి మళ్ళీ నా దగ్గరికే రావడానికి ఆమెకు కారణం ఏముందని ఎన్ని విధాలుగా వెతికినా నాకు ఒక్కటీ దొరకలేదు. అయినా ఆమె పోయేట్టు చేసినదాన్ని నేనే. రెండు వేల పన్నెండు ఎండాకాలంలో జరిగిన సంగతి అది.

*

మంఖాల్ పోయే దారిలో జపానువాళ్ళ కంపెనీ ఒకటి ఉండేది. యంత్రాలలో వేసే చిన్న చిన్న ఇనుప భాగాలు చేసేవారు. సరిత అక్కడ కొలతలు చూసే పనిలో ఉండేది. వెంట్రుకలో పదోవంతు తేడా ఉన్నా పట్టుకుని పక్కన పడేయాలి. ఆ సంవత్సరం కంపెనీ ఇక్కడినుంచి ఇద్దరిని ఆరు నెలలు జపానులో పని నేర్పించి తెస్తామన్నది. తిరిగొచ్చాక వాళ్ళు అక్కడి మేస్త్రీలకూ ఇక్కడి పనివాళ్ళకూ మధ్య నిలబడి మాట్లాడాలి. సరిత అంతకుముందు దసరా నుంచే ఆ భాష నేర్చుకుంటున్నది. మార్చిలో మొరిత అని ఒక పెద్దాయన వచ్చి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాడు.

ఆ సాయంత్రం సరిత చెప్పులు విప్పకుండా మెట్ల మీదే కూర్చుంది. నేను నీళ్ళు తెచ్చిస్తే పక్కన పెట్టుకుని చెప్పింది. ఆయన రెండు మాటలు మాట్లాడి ఆగిపోయేవాడట. ఆమె ముఖంలోకి చూసి, అర్థమవుతున్నదా అని అడిగేవాడట. అవుతున్నదని ఆమె అంటే మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆగేవాడట. మూడోసారి ఫైలు మూసి, చిన్నగా నవ్వి, దండం పెట్టాడట. ఆఫీసులో హరిప్రసాద్ అని రాజమండ్రి ఆయన ఉన్నాడు. "మీరు ఇంకా బాగా ప్రిపేర్ అవ్వాలండీ, మే నెలలో మరొక అవకాశం ఇప్పిస్తాను" అని మర్యాదగా చెప్పి పంపాడు.

"ఆయన చెప్పిన ప్రతి మాట నాకు సమజైంది అత్తమ్మా. ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే" అన్నది సరిత.

నేను ఆమె తల నిమిరాను. లోపల మాత్రం నాకు హాయిగా అనిపించింది. పోవడం లేదు కదా అనుకున్నాను. ఆ హాయి నాకు గుర్తున్నది కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

*

జపాను భాష చెప్పే ముఖీత్ సార్ పాతబస్తీ మనిషి. తొమ్మిదేళ్ళు ఆ దేశంలో పాత కార్ల యార్డులో పనిచేసి వచ్చి, షంషాబాద్ బస్టాండు దగ్గర మొబైల్ దుకాణం పైన ఒక గదిలో సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా క్లాసు చెప్పేవాడు. తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుందని నేను సరిత వెంట పోయేదాన్ని. మెట్ల కింద నిలబడితే వచ్చీపోయేవాళ్ళు అదోలా చూస్తున్నారని ఆయనే పిలిచి, వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు.

అప్పుడు మాటల జతలు చెబుతున్నాడు. చూస్తే ఒకే అర్థం, వాడేచోట మాత్రం వేరు. సముయి అంటే ఇంగ్లీషులో కోల్డ్ అన్నాడు. త్సుమెతాయి అంటే కూడా కోల్డే అన్నాడు. పిల్లలు అయిదుగురు. ఒకరు నీళ్ళు సముయి అన్నారు, ఒకరు ఈరోజు త్సుమెతాయి అన్నారు. ఆయన ఇంగ్లీషులో పావుగంట వివరించాడు. అందరూ తలలు ఊపి మళ్ళీ అవే తప్పులు చెప్పారు.

నాకు ఉండబట్టలేదు. "సారూ, ఒకటి సలి, ఒకటి సల్లగుండుడు గాదా? సలి పెడ్తది. నీళ్ళు సల్లగుంటయి. నీళ్ళు సలిగున్నయని ఎవరన్న అంటరా?"

ముఖీత్ సార్ చాక్‌పీసు కింద పెట్టేశాడు.

"తొమ్మిదేండ్లు ఆడ బత్కిన అమ్మా. గీ ముక్క నాకు తోచలే."

"మరి నడుమ ఇంగ్లీషు ఎందుకు?"

"ఇంగ్లీషుల చెప్పకుంటె క్లాస్ అనుకోరమ్మా. తెలుగుల చెప్తె ముచ్చట అంటరు."

ఆ రోజునుంచి ఆయన ఏ జత చెప్పినా నా వైపు చూసేవాడు. దీన్ని మనం ఏమంటం అమ్మా అని అడిగేవాడు. వాళ్ళు కూడా మనలాగే, తిని చూడు, కట్టి చూడు అంటారు. ఆ చూడటం కంటితో కాదు. ఇంగ్లీషు మధ్యలో నిలబడితే ఆ మాట ఏదోలా ఉండేది, ఇంగ్లీషు తప్పుకుంటే పక్కింటివాళ్ళ మాటలా ఉండేది. షిరు, వకరు అని ఇంకో జత. రెంటినీ తెలియడమనే రాయించాడు. ఒక ఇంట్లో చావు జరిగిందని పేపర్లో చదివితే తెలిసేది ఒకటి, ఆ ఇంటి గడపలో కూర్చుంటే తెలిసేది ఇంకొకటి, అదేనా అని నేను అడిగాను. అదేనన్నాడు. అయితే షిరు ఎరుక, వకరు సమజ్ అన్నాను. ఒకటి మీ మాట, ఒకటి మా మాట అని ఆయన చాలాసేపు నవ్వాడు.

నేను బడికి పోలేదు. నలభై దాటాక పొట్లాల కాగితాలు, బస్సుల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నదాన్ని. సరిత నోట్‌బుక్కులో జపాను మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. మన అక్షరాల్లో రాయమన్నాను, నేను కూడా చదువుకుంటానని. రాసింది. ఆ మాటలు మన గుణింతాల్లో ఇంత కూడా ఇరుకు లేకుండా కూర్చున్నాయి. పొయ్యి దగ్గర నేను చదివేదాన్ని, ఆమె వెనక్కి చెప్పేది.

*

ఏప్రిల్ మొదటి వారంలో ముఖీత్ సార్ సరితను ఎదురుగా కూర్చోబెట్టి, తానే మొరిత అయ్యాడు. జపానులో ఏదో ముచ్చట మొదలుపెట్టాడు. నిమిషం కూడా గడవకముందే ఆగి, "నువ్వు ఉన్నవా, ఏడికన్న పోయినవా?" అని అడిగాడు.

సరిత నిటారుగా కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో, చూపు ఆయన కళ్ళలో, పెదవులు మూసి. అత్తాపూర్‌లో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు పోయినప్పుడు అలాగే నేర్పారట. ఇంటర్వ్యూలో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో చప్పుడు చేయవద్దన్నారట.

"వాళ్ళ దగ్గర గట్ల గాదు బిడ్డా. వాళ్ళు మాట్లాడుతుంటె నడుమ నడుమ నువ్వు హై అనాలె, సో దెసు క అనాలె. లేకుంటె నువ్వు ఇంటలేవనుకుంటరు. పాపం ఆయన నువ్వు గోడ లెక్క కూసుంటె ఏం చెప్తడు?" అన్నాడు ముఖీత్ సార్. దానికొక పేరు కూడా ఉంది, ఐజుచి అంటారట. కొలిమి దగ్గర ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు సుత్తి వేస్తారే, అందులోనుంచి వచ్చిన మాటట. "దీన్ని తెలుగుల ఏమంటరో, అది నాకు తెల్వది" అని ఆగాడు.

"ఊకొట్టుడు" అన్నాను వెనక నుంచి.

వాళ్ళకూ కొట్టడమే, మనకూ కొట్టడమే. క్లాసులో అందరూ నవ్వారు కానీ సరిత నవ్వలేదు. నా వైపు తిరిగి చూసింది. ఇద్దరికీ ఒకే సంగతి తోచిందనుకుంటాను. కొండల్ పోయిన మూడేళ్ళలో మా ఇంట్లో మాటలు లేకపోలేదు. ఉప్పు అయిపోయింది, గ్యాసు వచ్చింది, జీతం పడింది, ఇవన్నీ చెప్పుకునేవాళ్ళం. ఊకొట్టాల్సిన మాట ఒక్కటి కూడా ఎవరూ ఎత్తలేదు.

*

మరునాటినుంచి మిద్దె మీద నీళ్ళు చల్లి చాప వేసేవాళ్ళం. నేను తెలుగులో ముచ్చట చెప్పాలి, ఆమె జపానులో ఊకొట్టాలి. అది మా ఒప్పందం. ఊలలో రకాలున్నాయి. దోస్తులతో ఉన్ అంటే చాలు. పెద్దవాళ్ళ ముందు హై అనాలి. కొత్త సంగతి వింటే సో దెసు క, నమ్మలేకపోతే హొంతో దెసు క. నరుహొదో అని ఒకటుంది, అబ్బో అలాగా అన్నట్టు. పైవాళ్ళతో దాన్ని జర జాగ్రత్తగా వాడాలనీ, లేకపోతే మనమే వాళ్ళకు మార్కులు వేసినట్టుంటుందనీ ముఖీత్ సార్ చెప్పాడు.

మొదటి రోజే సరిత నోరు జారి ఉన్ అన్నది.

"ఉన్ ఏంది, నేను నీ దోస్తునా?"

"కాదా మరి?"

హై అనమని గదమాయించి ముచ్చట కొనసాగించాను.

కొత్తలో ఆమె ప్రతి వాక్యం చివరా లెక్కపెట్టినట్టు కొట్టేది. గడియారంలా కొట్టవద్దనీ, ముచ్చట ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో అక్కడ కొట్టమనీ చెప్పాను. పది రోజులకు పట్టుకుంది. విమానాశ్రయంలో కలిసిపోయిన మా ఊరి సంగతులు చెప్పాను. భూమి కొలవడానికి వచ్చిన సర్వేయరును మా బర్రె తరిమితే, ఆయన జొన్నచేనులో పడి, కొలిచే గొలుసు వదిలేసి రోడ్డెక్కిన సంగతి చెబుతుంటే సరిత చాప మీద దొర్లి నవ్వుతూ, నిజంగనా నిజంగనా అన్నది. జపాను, జపాను అని నేను నేల మీద కొట్టాను. మా నెత్తి మీదుగా విమానం దిగుతుంటే ఇద్దరం ఆగి, చప్పుడు తగ్గాక ఎక్కడ ఆపామో అక్కడే మొదలుపెట్టేవాళ్ళం. నాకంత బాగా నిద్ర పట్టిన రోజులు అంతకుముందు ఎప్పుడున్నాయో గుర్తులేదు.

ఇంటావిడ తారాబాయి కింద నుంచి అన్నీ వినేది. ఒకరోజు బట్టలు తీయడానికి పైకి వచ్చి, మీకిద్దరికి ఏమన్న సోకిందా అని అడిగింది. సంగతి చెబితే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"నీ అసుంటి పిచ్చిదాన్ని సూడలేదక్కా. కట్టేసిన గొడ్డును నువ్వే ఇప్పుతున్నవు. పోయినంక నిన్నెవరు సూస్తరు?"

"గొడ్డు గాదు తారాబాయీ, మనిషి" అన్నాను. అన్నానే గానీ ఆ రాత్రి రెండుసార్లు లేచి గ్యాసు కట్టేశానా అని చూసుకున్నాను.

*

ఏప్రిల్ చివరి ఆదివారం తొక్కుకు కాయలు కొట్టించి తెచ్చాం. ముక్కలకు తడి ఉంటే బూజు పడుతుందని ఒక్కొక్కటే బట్టతో తుడుస్తున్నాం. ఎండ గోడ మీదికి ఎక్కింది. సరిత ముచ్చట చెప్పమన్నది. నా దగ్గర నవ్వే ముచ్చట్లు అయిపోయాయి. ఈశ్వరయ్య సంగతి చెప్పాను. దీపావళికి వస్తానని భివండి పోవడం, ఆ దీపావళికి ఉత్తరం రావడం, తర్వాతి దీపావళికి అదీ రాకపోవడం. సరిత కోడలిగా వచ్చిన ఆరేళ్ళలో నేను ఆమెకు ఈ సంగతి చెప్పలేదు. ఆమె సో దెసు క అంటూ విన్నది. గొంతు తగ్గించి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, సరిగ్గా కొట్టింది.

ఆ ఊ ఇచ్చిన ధైర్యమో ఏమో, ఇంకో ముచ్చట మొదలుపెట్టాను.

"ఒక అత్త, ఒక కోడలు ఉండిరి."

"హై."

"కోడలి మొగడు సచ్చిపోయిండు."

ఆమె తుడిచిన ముక్క బేసినులో వేసింది. "హై" అన్నది.

చెప్పాను. పది నెలలయ్యాక ఒక మధ్యాహ్నం కోడలి తండ్రి కందుకూరు నుంచి వచ్చాడు. కోడలు డ్యూటీలో ఉంది. ఒక సంబంధం వచ్చింది, భార్య పోయిన ఆర్టీసీ కండక్టరు, మంచివాడు, బిడ్డను నేను ఈ మాట ఎలా అడగను, మీరే అడిగి చెప్పండి అన్నాడు. అత్త ఆయనకు అన్నం పెట్టింది. తిన్నాక, ఇసుంటి మాట నేను ఇదివరకే అడిగిన, వద్దన్నది, మళ్ళీ ఆ మాట ఎత్తవద్దన్నది అని చెప్పింది. ఆయన కళ్ళు తుడుచుకుని నాలుగు గంటల బస్సుకు వెళ్ళిపోయాడు.

"అత్త అడగనే లేదు" అన్నాను.

సరిత ఊకొట్టలేదు. తుడిచిన ముక్కనే మళ్ళీ తుడిచింది. ఇంకో ముక్క తీసుకుంది. నేను తలెత్తలేదు.

"షిత్తె ఇమాషిత" అన్నది చివరికి. ఎరుకే అని.

ఎప్పటినుంచి అని అడిగాను. వాళ్ళ నాన్న వచ్చిపోయిన వారంలోనే వాళ్ళమ్మ ఫోన్ చేసి, నువ్వు వద్దన్నవంట గదా అని ఏడ్చిందట. అంటే రెండేళ్ళకు పైగా ఈమె ఆ మాట కడుపులో పెట్టుకుని, పొద్దున్నే నాకు చాయ్ పెట్టిచ్చి డ్యూటీకి పోతున్నది. కోపం రాలేదా అంటే, వచ్చింది, చాన దినాలు ఉండె అన్నది. మరి అడగలేదేమంటే, ఎట్ల అడుగుతరు అన్నది.

కొంతసేపు ఇద్దరం ముక్కలు తుడిచాం.

"నేను గూడ వద్దనే అందునేమో అత్తమ్మా. గని నన్ను అడగాల్సుండె."

నెలరోజులుగా నోట్లో నానుతున్న మాటే వచ్చింది. "హై" అన్నాను.

ఆమె నన్ను చూసింది. కాయల బేసిను నిండింది. అది ఎత్తుకుని లోపలికి పోతూ, గడప దగ్గర ఆగి, "వకరిమాసు" అన్నది. సమజైతున్నదని.

*

తర్వాతి గురువారం ఒక్కదాన్నే బస్సెక్కి కందుకూరు వెళ్ళాను. దిగే చోటు దాటిపోతుందేమోనని కండక్టరును నాలుగుసార్లు అడిగాను. సరిత తండ్రి రాములు పెద్ద కోపిష్ఠి కాదు. అరుగు మీద కూర్చుని, నేను ఆడిన అబద్ధం సంగతంతా విన్నాడు. లోపలినుంచి ఆయన భార్య కూడా విన్నది. చాలాసేపు నాకు నీళ్ళు కూడా ఇవ్వలేదు, ఇవ్వాలని నేనూ అనుకోలేదు.

"రెండేండ్ల సంది నా బిడ్డతోని సక్కగ మాట్లాడలేదమ్మా నేను. మొండిదనుకున్న" అన్నాడు రాములు. అరవనైనా లేదు. అరిస్తే నాకు తేలికగా ఉండేది. లేవబోతుంటే ఆయన భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, నా ముఖం చూడకుండా లోపలికి పోయింది. తాగి వచ్చేశాను.

మే పద్దెనిమిది శుక్రవారం రెండోసారి మాట్లాడటానికి పిలిచారు. సరిత పోయాక నేను దీపం పెట్టాను. దేవుణ్ణి ఏం కోరుకున్నానో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. ఒకటి కోరుకుని, వెంటనే తప్పయిందని ఇంకోటి కోరుకున్నాను. మధ్యాహ్నం ఇంటి ఫోను మోగితే హరిప్రసాద్.

"మీ కోడలు గారు సెలెక్ట్ అయ్యారండీ. మొరిత గారు నలభై నిమిషాలు మాట్లాడారు. ఆయన అంత మాట్లాడగా మేమెవరమూ ఇంతవరకు వినలేదండీ."

ఏం మాట్లాడాడని ఆ సాయంత్రం సరితను అడిగాను. మొరిత తన తల్లి గురించి మాట్లాడాడట. ఆవిడకు తొంభై దాటాయట, ఒక్కతే ఉంటుందట, ఫోనులో ప్రతిసారీ ఒకే సంగతి చెబుతుందట, ఆయన ప్రతిసారీ కొత్తగా విన్నట్టు ఊకొడతాడట. చెబుతూ చెబుతూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడట.

"నువ్వేం చేసినవు?"

"నేనేం చేస్త? నీకు కొట్టినట్టే కొట్టిన."

జూన్ పదిహేడు ఆదివారం. రాములు, ఆయన భార్య కందుకూరు నుంచి పొద్దున్నే వచ్చారు. తండ్రీ బిడ్డా మెట్ల మీద పక్కపక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను ఆ వైపు పోలేదు. తారాబాయి పసుపు కుంకుమలతో నిండుగా తయారై, బిందె ఎత్తుకుని, సరిత బయలుదేరేటప్పుడు ఎదురొచ్చింది. అంతకుముందు రోజు కూడా నన్ను తిట్టిన మనిషే.

విమానాశ్రయం దగ్గర టికెట్టు లేనివాళ్ళను లోపలికి పోనివ్వరు. గాజు తలుపుల బయట నిలబడ్డాం. ఒక్క మాట అడగాలని వారం రోజులుగా నా నోటిదాకా వస్తున్నది. మళ్ళ వస్తవా అని. అడిగితే వస్తాననే అంటుంది. పోయినవాళ్ళందరూ నాకు అదే చెప్పి పోయారు. అందుకని అడగలేదు. పాస్‌పోర్టు ఉందా అని అడిగాను. ఉన్నదన్నది. మాత్రలు పెట్టుకున్నవా అని అడిగాను.

"ఆదివారం ఆదివారం ఫోన్ చేస్త. ముచ్చట తయారు పెట్టుకో" అన్నది సరిత. బండి తోసుకుంటూ లోపలికి పోయింది.

*

ఆరు నెలల్లో ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. వారమంతా నేను ముచ్చట్లు పోగుచేసేదాన్ని. మరిచిపోతానని పాత క్యాలెండరు వెనక రాసి పెట్టుకునేదాన్ని. తారాబాయి ఇంట్లో కోతి దూరింది, ముఖీత్ సార్ క్లాసులో ఇంగ్లీషు ఎత్తేసి తెలుగులోనే చెబుతుంటే పిల్లలు పన్నెండుమంది అయ్యారు, బోనాలకు పోచమ్మ గుడి దగ్గర వాన పడింది. అంత దూరంనుంచి ఆమె ఊ వినిపించేది. ఒక్క క్షణం వినిపించకపోతే లైను పోయిందని హలో హలో అని అరిచేదాన్ని. ఇంటున్న అత్తమ్మా, అన్నం నములుతున్న అనేది. అక్కడ చలి మొదలైనప్పుడు, సముయి అన్నది. స్వెట్టరు వేసుకొమ్మన్నాను. వేసుకునే ఉన్నదట.

ఆ ఆరు నెలలూ నేను భయపడలేదని చెప్పను. గ్యాసు కట్టేశానా లేదా అని లేచి చూసుకోవడం మానలేదు. కానీ ఆదివారం నుంచి ఆదివారానికి నడవడం నాకు అలవాటైంది. అంతకుముందు నేను ఎదురుచూసినప్పుడల్లా ఊరికే కూర్చుని ఎదురుచూశాను. ఈసారి చేతినిండా పని ఉండేది.

సరిత డిసెంబరు పంతొమ్మిదిన వచ్చింది. నాకు ఒక కూరగాయల కత్తి, రాములుకు మఫ్లరు, ముఖీత్ సార్‌కు చాక్‌పీసుల డబ్బా తెచ్చింది. సంక్రాంతి దాటాక కంపెనీ ఆమెను మద్రాసు దగ్గర కొత్తగా కట్టిన కార్ఖానాకు మార్చింది. అక్కడ ఇల్లు కూడా ఇస్తామన్నారు. ఆ సాయంత్రం ఆమె మిద్దె మీదికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు నాతోని వస్తవా అత్తమ్మా? నీ ఇష్టం. రాకుంటె నేను నెలనెల వచ్చిపోత. అడుగుతున్న, అంతే."

నన్ను ఒకరు అలా అడగడం, నేను ఆలోచించుకుని చెప్పడం, రెండూ నా బతుకులో మొదటిసారి. మూడు రోజులు తీసుకున్నాను. ఆ మూడు రోజులూ ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నాలుగో రోజు పొద్దున చాయ్ ఇస్తూ, వస్తానన్నాను.

ఇప్పుడు ఇక్కడ బస్సుల బోర్డులు చూసి అరవ అక్షరాలు కూడబలుక్కుంటున్నాను. సరిత సాయంత్రం ఆరున్నరకు ఇంటికి వస్తుంది. షంషాబాద్ వెళ్ళి తారాబాయిని చూసి రావాలని ప్రతి పండక్కీ అనుకుంటాం, ఏదో ఒకటి అడ్డొస్తుంది. జపాను పోయిన సరిత తిరిగి వచ్చింది. ఆ ఇంటికి తిరిగి రానిది నేను. 2013 ఏప్రిల్ పధ్నాలుగు, ఆదివారం, పొద్దున ఆరు గంటలకు తాళంచెవి తారాబాయి చేతిలో పెట్టి మెట్లు దిగాను. మళ్ళీ ఎక్కలేదు.